పాత లెన్సు, కొత్త కెమెరా: శ్రద్ధకు ఒక సాధన

ఫిల్ము రోజుల్లో పెళ్లి ఫొటోలు తీసినవాళ్ల ఇళ్లలో వెతికితే బీరువా పై అరలో ఇప్పటికీ ఒక కెమెరా బ్యాగు దొరకవచ్చు. ఆ ఇల్లు వరంగల్ కాశిబుగ్గలో ఉండవచ్చు, మట్టెవాడలో ఉండవచ్చు, హన్మకొండలో ఉండవచ్చు. బ్యాగు తెరిస్తే పెంటాక్స్ కె1000, యాషికా ఎఫ్‌ఎక్స్-3, నికాన్ ఎఫ్‌ఎమ్10 లాంటి బాడీ ఒకటి, దానికి బిగించిన లెన్సు ఒకటి బయటపడతాయి. బాడీకి ఇప్పుడు పెద్దగా పని లేదు. ఫిల్ము ధర పెరిగింది, కడిగిచ్చే ల్యాబులు దాదాపు మూతపడ్డాయి. ఊటీలో ఫిల్ము తయారుచేసిన మన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కూడా చరిత్రలో కలిసిపోయింది. లెన్సు సంగతి అలా కాదు. అందులో ఉన్నది గాజు, ఇత్తడి, అల్యూమినియం. వెలుతురును వంచి ఒకచోట చేర్చడం దాని పని. ఆ వెలుతురు ఫిల్ము మీద పడినా, సెన్సర్ మీద పడినా లెన్సుకు ఒకటే. తగిన రింగు ఒకటి మధ్యలో పెడితే 1970లలో చేసిన లెన్సు ఈ ఏడాది కొన్న కెమెరా మీద బొమ్మ కడుతుంది.

ఇది చేయవచ్చని చాలామందికి తెలుసు. ఎందుకు చేయాలన్న ప్రశ్నకు మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి: డబ్బు మిగులుతుందని, బొమ్మలో పాతకాలపు అందం వస్తుందని. రెండింటిలోనూ కొంత నిజముంది, రెండూ బలమైన కారణాలు మాత్రం కావు. అసలు లాభం వేరేచోట ఉంది. మనిషి దేనిలోనైనా ఎదగాలంటే తానే ఒక నిర్ణయం తీసుకోవాలి, దాని ఫలితం వెంటనే కంటబడాలి. ఫిల్ము కెమెరాలో నిర్ణయం ఉండేది, ఫలితం ఆలస్యంగా వచ్చేది. ఇవాళ్టి ఆటోఫోకస్ కెమెరాలో ఫలితం క్షణంలో వస్తుంది, నిర్ణయం యంత్రం చేసేస్తుంది. పాత లెన్సును కొత్త కెమెరాకు తగిలించినప్పుడే ఈ రెండూ ఒకేచోట కలుస్తాయి. అందుకే దీన్ని పొదుపు చిట్కాగా చూడకుండా శ్రద్ధను పెంచే సాధనగా చూడమంటున్నాను.

నిర్ణయం, ఫలితం పక్కపక్కన

1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకుంటున్న విద్యార్థుల సాధనను పరిశీలించి ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించారు. ఊరికే వాయిస్తూ పోవడానికీ, ఒక లోపాన్ని గుర్తించి దాన్నే దిద్దుకుంటూ వాయించడానికీ మధ్య ఉన్న తేడా మీద వాళ్ల వాదన నిలబడింది. నైపుణ్యంలో సాధన వాటా ఎంత, పుట్టుకతో వచ్చినది ఎంత అన్న దాని మీద తర్వాతి పరిశోధకులు గట్టిగానే వాదించారు. 2014లో మరో బృందం పాత అధ్యయనాలు ఎన్నింటినో కలిపి చూసి, సాధన వాటా అనుకున్నంత పెద్దది కాదని తేల్చింది. ఆ వివాదం అలా ఉన్నా, చేసిన తప్పు వెంటనే తెలిస్తేనే దిద్దుకోవడం కుదురుతుందన్న మాట చెక్కుచెదరలేదు. పలక చూపించగానే లెక్కలో తప్పు చెప్పే పంతులుకూ, వారం తర్వాత నోటుపుస్తకం తిరిగిచ్చే పంతులుకూ ఎంత తేడా ఉంటుందో అంతే తేడా ఇక్కడా ఉంది. ముప్పై ఆరు ఫొటోల రోలు పూర్తయి, ల్యాబుకు వెళ్లి, ప్రింట్లు చేతికొచ్చేసరికి ఏ ఫొటోకు ఏ దూరం పెట్టామో, ఏ అపర్చర్ వాడామో గుర్తుండేది కాదు. వరంగల్‌లో పుట్టి, బతుకమ్మనూ తెలంగాణ పల్లె జీవితాన్నీ దశాబ్దాలపాటు ఫొటోల్లో నిలిపి 2022లో కన్నుమూసిన భరత్ భూషణ్ తరం ఆ ఆలస్యాన్ని భరిస్తూనే పని నేర్చుకుంది. ఆ తరం పడ్డ కష్టంలో నిర్ణయాన్ని ఉంచుకుని నిరీక్షణను వదిలేసే వీలు మనకు దొరికింది.

రెండో ఆధారం జ్ఞాపకానికి సంబంధించినది. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ పరిశోధకురాలు కొందరిని మ్యూజియం చూపించడానికి తీసుకెళ్లి, కొన్ని వస్తువులను ఫొటో తీయమన్నారు, కొన్నింటిని ఊరికే చూడమన్నారు. మర్నాడు అడిగితే, ఫొటో తీసిన వస్తువుల గురించి వాళ్లకు తక్కువ గుర్తుంది. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు పక్కకు తప్పుకున్నట్టయింది. అయితే వస్తువులో ఒక భాగాన్ని ఎంచుకుని, దాని మీదికి జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. 2014లో అచ్చయిన ఈ అధ్యయనం చిన్నది, లెన్సుల గురించి చేసినదీ కాదు. అయినా మన వాదనకు పనికొచ్చే సంగతి ఒకటి అందులో ఉంది. ఫొటో తీయడం వల్ల చూపు మొద్దుబారాలని నియమమేమీ లేదు. ఎక్కడ చూడాలో మనమే ఎంచుకున్నప్పుడు మనసు పని మానదు. చేత్తో ఫోకస్ తిప్పే లెన్సు ప్రతి ఫొటోకూ ఆ ఎంపికను తప్పనిసరి చేస్తుంది.

మీ చేతిలో ఉన్నది ఏమిటి?

సాధనకు ముందు సామాను సంగతి తేల్చుకోవాలి. లెన్సును బిగించే మౌంటు అంచు నుంచి ఫిల్ము దాకా ఉండాల్సిన దూరం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంటుకు అది 46.5 మిల్లీమీటర్లు. మరచుట్టుతో బిగించే ఎమ్42కు, 1975 నాటి పెంటాక్స్ కె మౌంటుకు 45.46. యాషికా-కాంటాక్స్‌కు 45.5. పాత కెనాన్ ఎఫ్‌డీకి 42. అద్దం తీసేసిన మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ దూరం బాగా తగ్గింది: సోనీ ఈ మౌంటుకు 18, నికాన్ జెడ్‌కు 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌కు 20. మిగిలిన ఖాళీని నింపే లోహపు రింగే అడాప్టర్. లోపల గాజు ఉండదు కాబట్టి బొమ్మ పాడయ్యే ప్రశ్న లేదు, ఖరీదూ తక్కువ. అద్దం ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్ అయితే లెక్క మారుతుంది. కెనాన్ ఈఎఫ్ దూరం 44 కాబట్టి నికాన్, ఎమ్42 లెన్సులు మామూలు రింగుతో పనిచేస్తాయి, ఎఫ్‌డీ లెన్సు మాత్రం గాజున్న అడాప్టర్ లేకుండా దూరపు వస్తువును పట్టదు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ మీద ఎమ్42కూ అదే ఇబ్బంది. నికాన్ మీద పాత నికాన్ లెన్సుకు అడాప్టరే అక్కర్లేదు గానీ, 1977లో నికాన్ ఏఐ (ఆటోమేటిక్ ఇండెక్సింగ్) పద్ధతి రాకముందు చేసిన లెన్సును డీ7000 లాంటి బాడీకి తోస్తే అంచునున్న మీటరు మీట విరగవచ్చు. యాషికా మ్యాట్ లాంటి రెండు కళ్ల కెమెరాల లెన్సులు ఊడిరావు, వాటి జోలికి పోవద్దు.

కెమెరాలో మార్చాల్సినవి నాలుగే. లెన్సు లేకున్నా షట్టరు పడనిచ్చే సెట్టింగును ఆన్ చేయండి. పాత లెన్సులో ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉండవు కాబట్టి కెమెరా దాన్ని లెన్సుగా గుర్తించదు. మోడ్ డయల్‌ను అపర్చర్ ప్రయారిటీ మీద పెట్టండి. అపర్చర్ లెన్సు మీద రింగుతో మీరు మారుస్తారు, షట్టరు వేగం కెమెరా చూసుకుంటుంది. నికాన్ డీ3000 వరుస బాడీల్లో ఈ లెన్సుకు మీటరు పనిచేయదు, అక్కడ పూర్తి మాన్యువల్ తప్పదు. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే ఫోకల్ లెంగ్త్‌ను చేత్తో నమోదు చేయండి. చివరిగా, ఫోకస్ చూసుకోవడానికి బొమ్మను పెద్దది చేసి చూపే బటన్‌ను వేలికి అందేచోట పెట్టుకోండి. సెన్సర్ చిన్నదైతే దృశ్యం కుంచించుకుపోతుందని గుర్తుంచుకోండి. ఏపీఎస్-సీ కెమెరా మీద 50 ఎం.ఎం. లెన్సు దాదాపు 75 ఎం.ఎం. లాగా చూపిస్తుంది.

బీరువాలో పదేళ్లు పడున్న లెన్సును తీసిందే తడవుగా బిగించవద్దు. మొదట రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. సన్నటి వేర్లలాగా, సాలెగూడులాగా పాకినది కనిపిస్తే అది ఫంగస్. మన వానాకాలపు తేమలో, తోలు కేసులో మూసిపెట్టిన లెన్సుకు అది పట్టడం మామూలే. అంచున కొద్దిగా ఉంటే బొమ్మ మీద ప్రభావం కనిపించకపోవచ్చు. మధ్యకు పాకి కోటింగును తినేసి ఉంటే శుభ్రం చేయించినా మచ్చ మిగిలిపోతుంది. తర్వాత ఫోకస్ రింగు తిప్పి చూడండి: ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా ఒకే బిగువుతో తిరగాలి. అపర్చర్ రింగు తిప్పితే లోపలి రేకులు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండాలి. కొన్ని ఎమ్42 లెన్సుల్లో వెనకున్న చిన్న పిన్ను నొక్కితేగాని రేకులు కదలవు, అలాంటప్పుడు ఆ పిన్నును నొక్కిపట్టే అంచున్న అడాప్టర్ కొనాలి. కొన్ని పాత పెంటాక్స్ టకుమార్ లెన్సుల గాజు పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. అందులో వాడిన థోరియం వల్ల వచ్చిన మార్పు అది, అతినీలలోహిత కాంతి తగిలితే క్రమంగా తగ్గుతుంది. అదే బ్యాగులో పాత ఫ్లాష్ ఉంటే దాన్ని కొత్త కెమెరా నెత్తిన పెట్టవద్దు. కొన్ని పాత ఫ్లాషుల ట్రిగ్గర్ వోల్టేజి రెండు వందలు దాటుతుంది, డిజిటల్ బాడీ లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. వాడకం అయ్యాక లెన్సును తోలు కేసులో కాకుండా, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో దాచండి.

బతుకమ్మ దగ్గర దూరపు లెక్క

సాధన ఎలా ఉంటుందో ఒక దృశ్యం మీద పెట్టి చూద్దాం. తాంబాళంలో తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపిన బతుకమ్మ మీ ముందు మీటరు దూరంలో ఉందనుకోండి. ఏపీఎస్-సీ కెమెరా, 50 ఎం.ఎం. లెన్సు, అపర్చర్ ఎఫ్ 2. స్పష్టంగా వచ్చే లోతు సుమారు మూడు సెంటీమీటర్లు. గౌరమ్మ మీద ఫోకస్ పెడితే మీ వైపుకు పొంగి ఉన్న కింది పూలవరస మసకబారుతుంది. గునుగు మీద పెడితే గౌరమ్మ కరిగిపోతుంది. ఎఫ్ 8కు తిప్పితే లోతు సుమారు పన్నెండు సెంటీమీటర్లవుతుంది, పూలన్నీ నిలుస్తాయి, వెనకున్న మనుషులు కూడా బొమ్మలోకి చొరబడతారు. ఈ ఫొటో దేని గురించి అన్న ప్రశ్న ఇక్కడ తప్పించుకోలేనిది. ఆటోఫోకస్ ఆ ప్రశ్నను అడగకుండానే ఏదో ఒక జవాబు రాసేస్తుంది. ఇప్పుడు ఆట మొదలైందనుకోండి. ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ వలయంగా తిరుగుతున్నారు. ఎవరి వెంటా ఫోకస్ తిప్పుతూ పరుగెత్తనక్కర్లేదు. వలయం అంచుకు మూడు మీటర్ల దూరంలో నిలబడి, లెన్సును మూడు మీటర్ల దగ్గర ఆపి, ఎఫ్ 8 పెడితే రెండున్నర నుంచి మూడు మీటర్ల డెబ్భై సెంటీమీటర్ల దాకా అంతా స్పష్టమే. తిరుగుతున్న ప్రతి ముఖమూ ఆ పట్టీలోకి తనంతట తానే వస్తుంది. మీరు కనిపెట్టుకుని ఉండాల్సింది చేతులు కలిసే క్షణం కోసమే. చీకటి పడి ఎఫ్ 2 తెరవాల్సి వస్తే అదే పట్టీ ముప్పై సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది, కాబట్టి మొదటి పాఠాలు వెలుతురుండగానే నేర్చుకోండి. ఆడేవాళ్ల అనుమతి అడగడం ఈ పాఠంలో భాగమే. అడిగి నిలబడ్డవాడు తొందరపడడు.

కాశిబుగ్గ చుట్టుపక్కల ఇలాంటి పాఠశాలలకు కొదవ లేదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజను నడుస్తున్నప్పుడు 28 ఎం.ఎం. లెన్సు పెట్టుకుని, ఎఫ్ 8లో ఐదు మీటర్ల దగ్గర ఫోకస్ ఆపితే రెండున్నర మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగా వస్తుంది. ఇక లెన్సును ముట్టుకోవాల్సిన పని లేదు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి అన్నవే మిగులుతాయి. లెన్సు మీద చెక్కిన లోతు గీతలు పూర్తి సైజు ఫిల్ము కోసం వేసినవి, కాబట్టి ఏపీఎస్-సీ మీద ఎఫ్ 8 పెట్టినప్పుడు ఎఫ్ 5.6 గీతలను నమ్మండి. పక్కనే కొత్తవాడలో దర్రీలు నేసే మగ్గం దగ్గర పాఠం వేరు. అక్కడ వెలుతురు తక్కువ, అపర్చర్ తెరవక తప్పదు, కానీ నేతగాడి చేయి ఒకే దారిలో వెళ్లి ఒకే చోటికి తిరిగి వస్తుంది. చేయి ఎక్కడ ఆగుతుందో కాసేపు కెమెరా ఎత్తకుండా చూసి, ఆ చోటికి ఫోకస్ పెట్టి ఆగాలి. పనిని అర్థం చేసుకోనివాడికి ఆ ఫొటో దొరకదు. లెన్సు నేర్పేది ఇదే: ముందు చూడటం, తర్వాత ఊహించడం, ఆ తర్వాత నొక్కడం.

ఎదురు ప్రశ్నలు

కొత్త లెన్సునే మాన్యువల్‌కు మార్చుకుంటే సరిపోదా అని అడగవచ్చు. సూత్రం ప్రకారం సరిపోవాలి. ఆచరణలో మిర్రర్‌లెస్ ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటికి ఫోకస్ రింగుకూ గాజుకూ నేరుగా సంబంధం ఉండదు. రింగు తిప్పితే లోపలి మోటారుకు కబురు వెళుతుంది, మోటారు గాజును జరుపుతుంది. రింగు ఆగే చివరంటూ ఉండదు, దూరపు అంకెలు ఉండవు, తిప్పే వేగాన్ని బట్టి ఫలితం కూడా మారిపోతుంది. పాత లెన్సులో మూడు మీటర్లంటే ఎప్పుడూ అదే చోటు, వేళ్లు దాన్ని గుర్తుపెట్టుకోగలవు. పైగా స్విచ్ పక్కనే ఉంటే కష్టమైన మొదటి నిమిషంలోనే చేయి దాని మీదికి పోతుంది. ఒక మాట ఒప్పుకోవాలి: ఇవాళ కొత్తగా తయారవుతున్న మాన్యువల్ లెన్సులు కూడా ఈ పనికి అచ్చంగా సరిపోతాయి. వయసులో మహిమ ఏమీ లేదు. పాతది చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది, లేకపోయినా చవకగా దొరుకుతుంది, అంతే. పాత లెన్సు ఇచ్చే మసక, ఎదురువెలుతురులో వచ్చే మెరుపు గీతలు, వెనక సుడి తిరిగే పూలచుక్కలు సరదాగానే ఉంటాయి గానీ, వాటిని చూసి నేర్చేసుకున్నామని మురిసిపోవద్దు. ఆ ముద్ర గాజుది, మీది కాదు.

ఇంకో అభ్యంతరం బతుకుతెరువుది, దానికి పూర్తి బలం ఉంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, తలంబ్రాలు పోసే క్షణం రెండోసారి రావు. డబ్బు తీసుకుని ఒప్పుకున్న పనిలో సాధన చేయడం ఎదుటివాళ్లకు అన్యాయం. అక్కడ ఆటోఫోకసే వాడాలి. పాత లెన్సు చోటు మీ సొంత సమయంలో ఉంది. ఆ గంటల్లో నేర్చిన ముందుచూపు మండపంలో ఆటోఫోకస్‌తోనే పనికొస్తుంది, ఎందుకంటే ఎవరి ముఖం మీద ఫోకస్ నిలవాలో యంత్రానికి చెప్పాల్సింది మీరే. నాణ్యత గురించి అడిగేవాళ్లకూ ఒక మాట. ఆ కాలపు 50 ఎం.ఎం. లెన్సుల్లో చాలావరకు ఎఫ్ 5.6, ఎఫ్ 8 దగ్గర నేటి సెన్సర్లకూ సరిపడా పదునిస్తాయి. వెడల్పు లెన్సుల్లో మూలలు నీరసిస్తాయి, నాటి చవక జూములు నిరాశపరుస్తాయి. అందుకని 50తో మొదలుపెట్టండి. ఇక పదునైన అంచుల మీద కెమెరా చూపే ఫోకస్ పీకింగ్ రంగు గీతల్ని చూసి తిప్పితే అది కూడా యంత్రం చెప్పినట్టే కదా అనవచ్చు. నిజమే, పైగా పెద్ద అపర్చర్లలో ఆ గీతలు మోసం చేస్తాయి. ముందు కంటితో దూరం అంచనా వేసి, అంకె మీద రింగు ఆపి, ఆ తర్వాతే బొమ్మను పెద్దది చేసి సరిచూసుకోండి. ఈ వరస తిరగబడితే సాధన పోయి తిప్పడం మాత్రం మిగులుతుంది.

నాలుగు వారాల పని

ఒకటే లెన్సు, జేబులో ఒక చిన్న నోటుపుస్తకం చాలు. పాత లెన్సు అపర్చర్‌ను కెమెరా నమోదు చేయదు కాబట్టి పుస్తకం ఎలాగూ అవసరమే. మొదటి వారం అపర్చర్‌ను ఎఫ్ 8 దగ్గరే ఉంచి, కదలని వస్తువుల దూరం కంటితో అంచనా వేసి రాయండి. లెన్సు చెప్పిన దూరాన్ని పక్కన రాయండి. గుడి గోపురం, కరెంటు స్తంభం, దుకాణం మెట్టు ఏదైనా సరే. రెండో వారం అపర్చర్ పూర్తిగా తెరిచి, నొక్కే ముందు ఏ భాగం స్పష్టంగా ఉండాలో ఒక్క మాటలో రాసి, తీసిన వెంటనే పెద్దది చేసి రాసిన మాటతో పోల్చండి. మూడో వారం కదిలేవాటికి వెళ్లండి. కూరగాయల బండి, చౌరస్తా దాటే సైకిలు, బంతి వేసే పిల్లవాడు, ఏదైనా ముందే ఫోకస్ ఆపి ఎదురుచూడండి. నాలుగో వారం మూడింటినీ కలిపి, చివర్లో పది ఫొటోలు ఎంచి ప్రింటు వేయించి, ప్రతిదాని వెనక మీరు తీసుకున్న నిర్ణయం రాయండి. తర్వాత ఆటోఫోకస్ లెన్సు బిగించి అవే చోట్లకు వెళ్లండి. బటన్ సగం నొక్కకముందే ఫోకస్ ఎక్కడ నిలవాలో, ఎందుకు నిలవాలో చెప్పగలిగితే పాత లెన్సు తన పని చేసినట్టే. దాన్ని దాచుకున్నా, అమ్మేసినా నష్టం లేదు. చెప్పలేకపోతే మొదటి వారం పని మళ్లీ మొదలుపెట్టండి.